పారబోయని నీళ్లు

మంగళ ఆంటీని ఆంబులెన్స్‌లోకి ఎక్కిస్తుంటే మెల్బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో మా వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. చూడనిది ఒక్క చలపతి అంకులే. ఆయన భార్య వైపు కాకుండా, డ్రైవ్‌వేలో నిలబెట్టిన కాంపర్ వాన్ వైపు చూస్తూ నిలబడ్డాడు. కట్టుకున్న మనిషి ముఖానికి ఆక్సిజన్ మాస్క్ పెట్టుకుని ఊపిరి కోసం ఎగిరెగిరి పడుతుంటే, ఇప్పుడు కూడా ఈయన ధ్యాస బండి మీదేనా అని నాకు ఒళ్లు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. ఆయన ఆ బండినే ఎందుకు చూశాడో మాత్రం మర్నాడు గానీ నాకు తెలియలేదు.

మావి పక్కపక్క ఇళ్లు. నేను తెనాలి దానిని, కాలవ గట్టున పుట్టి పెరిగాను. ఆయనది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నీళ్ల దగ్గర మా ఇద్దరికీ ఎప్పుడూ పేచీయే. నేను పైపు పెట్టి కారు కడుగుతుంటే కంచె అవతల నిలబడి, నేనేదో నేతిని నేల మీద పోస్తున్నట్టు బాధపడేవాడు. "కాలవలు చూసి పెరిగినోళ్లు. మీకెట్ల తెలుస్తుందిలేమ్మా" అనేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఇంకో రెండు నిమిషాలు ఎక్కువే కడిగేదాన్ని.

ఆయన ఇంట్లో షవర్ కింద ఎప్పుడూ ఒక బకెట్ ఉండేది. వేడి నీళ్లు వచ్చే దాకా పోయే చల్లనీళ్లు అందులో పట్టి మొక్కలకు పోయాలి. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకి. కూరగాయలు కడిగిన నీళ్లు వాకిలి తుడవడానికి. అలాగని పిసినారి కాదు. మామిడిపళ్ల కాలంలో పెట్టెలకు పెట్టెలు కొని వీధంతా పంచేవాడు. ఎవరింట్లో కరెంటు పని ఉన్నా, చలికాలపు దగ్గుతోనైనా పిలవకుండానే వచ్చి చేసిపెట్టేవాడు. ఆయన చెయ్యి బిగిసేది ఒక్క నీళ్ల దగ్గరే.

ఎందుకో ఒకసారి చెప్పాడు. ఆయనకు ఎనిమిదేళ్లప్పుడు వాళ్లూళ్లో బావులన్నీ ఎండిపోయాయి. ఇంటిల్లిపాదికీ కలిపి రోజుకు రెండు బిందెలు. వాళ్ల అమ్మ పక్క ఊరి బావి నుంచి ఎండలో మోసుకొచ్చి పెట్టిన బిందెను చెల్లెలు ఆడుకుంటూ తన్నేసింది. అమ్మ కొడుతుందని పిల్లలిద్దరూ మూలకు నక్కారు. ఆవిడ కొట్టలేదు. తడిసిన నేల పక్కన కూలబడి, చీర కొంగుతో ఆ తడిని అద్ది అద్ది ఒక గిన్నెలోకి పిండింది. అది చెబుతున్నప్పుడు ఆయన చేతిలో మా పైపు ఉంది. చెప్పి, కుళాయి కట్టేసి వెళ్లిపోయాడు. ఆ ఒక్కరోజు నేను తిరిగి తిప్పలేదు.

డిజైన్ ఆఫీసులో కరెంటు నక్షాలు గీసే ఉద్యోగం మీద ఆయన మెల్బోర్న్ వచ్చినప్పుడు ఇక్కడ కూడా కరువే. స్నానం నాలుగు నిమిషాల్లో ముగించండి, షవర్‌లో బకెట్ పెట్టుకోండి అని ప్రభుత్వమే చెప్పిన రోజులు. ఈ దేశం తనకోసమే పుట్టిందనుకున్నాడట. తర్వాత వానలు పడ్డాయి, ఆంక్షలు పోయాయి, ఊరంతా ఆ సంగతి మరిచిపోయింది. ఆయన మరిచిపోలేదు.

మంగళ ఆంటీ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక క్యాటరింగ్ కంపెనీలో విమానాల భోజనం ట్రేలు సర్దే పని చేసింది. ఏళ్ల తరబడి చల్లటి గదుల్లో నిలబడి ఆమె మోకాళ్లు, వేళ్ల కణుపులు పాడైపోయాయి. ఇద్దరూ రిటైరయ్యాక ఆయన, పడకా వంటా షవర్ అన్నీ లోపలే ఉండే ఒక పాత కాంపర్ వాన్ కొన్నాడు. ఈ దేశంలో ఇన్నేళ్లుండి ఆమె ఎయిర్‌పోర్టు తప్ప ఏమీ చూడలేదన్నది ఆయన బాధ. ఆ బండిలో చిన్న సూట్‌కేసంత హీటర్ ఉంది. గ్యాస్ మీద నీళ్లు కాగి షవర్‌లోకి వస్తాయి. మొదటి ట్రిప్ నుంచి తిరిగొచ్చిన రోజు ఆంటీ కంచె దగ్గరికి వచ్చి, అడివి మధ్యలో, చలిలో, మోకాళ్ల మీద వేణ్ణీళ్లు పడుతుంటే మహారాణిలా ఉందని నాకు చెప్పింది. ఆమె ముఖం అంత వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు.

ప్రతి ట్రిప్ అయ్యాక ట్యాంకులోనూ, పైపుల్లోనూ, హీటర్‌లోనూ ఉన్న నీళ్లన్నీ వదిలేసి బండిని ఎండబెట్టాలి. అమ్మినవాడు చూపించాడు, పుస్తకంలోనూ రాసి ఉంది. వాళ్లమ్మాయి తన్మయి అడిలైడ్‌లో మాసన్ లేక్స్‌లో ఉంటుంది, అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ట్రిప్ అయిన ప్రతిసారీ ఫోన్ చేసి నీళ్లు తీసేశావా డాడ్ అని అడిగేది. తీసేసినా అని ఈయన చెప్పేవాడు. బండి పక్కన రెంచి పట్టుకుని గొంతుక్కూర్చుని కనబడేవాడు కూడా. తన్మయి నమ్మింది, నేనూ నమ్మాను.

మార్చిలో లాంగ్ వీకెండ్‌కి హాల్స్ గ్యాప్ కొండలకు వెళ్లొచ్చారు. వచ్చిన వారానికి ఆంటీకి జ్వరం మొదలైంది. క్లినిక్‌లో వైరస్ అని మాత్రలిచ్చి పంపారు. రెండు రోజులకే మాట తడబడింది, గుక్క తిప్పుకోలేకపోయింది. అప్పుడే ఆంబులెన్స్ వచ్చింది.

తన్మయి ఆ సాయంత్రం విమానంలోనే వచ్చేసింది. మర్నాడు పొద్దున నేను పెరుగన్నం డబ్బా పట్టుకుని హాస్పిటల్‌కి వెళ్లేసరికి డాక్టరమ్మ వాళ్లిద్దరితో మాట్లాడుతోంది. రెండు ఊపిరితిత్తులకూ నిమోనియా పాకింది, ఇస్తున్న మందుకు తగ్గడం లేదు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మందు మార్చవచ్చు అని చెప్పి ఒక్కొక్కటే అడుగుతోంది. తోటపని చేసిందా, స్పాకి వెళ్లిందా, ఎక్కడైనా నిలవ ఉన్న గోరువెచ్చని నీళ్లు వాడిందా.

తన్మయికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటివెంట ఇంగ్లీషే వస్తుంది. "దే హావ్ ఎ కాంపర్. బట్ డాడ్ డ్రెయిన్స్ ఇట్ ఎవ్రీ టైమ్. హీ ఈజ్ వెరీ కేర్‌ఫుల్" అని చెప్పింది.

డాక్టరమ్మ అంకుల్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఆమె తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఆంటీని ఐసీయూకి మార్చి గొంతులో గొట్టం వేశారు. అంకుల్ ఇంటికెళ్లి ఆమె శాలువా తెస్తానని బయల్దేరాడు. ఐసీయూలో శాలువా ఎవరు కప్పనిస్తారు? ఆ ముఖం చూసి నాకెందుకో మనసొప్పక, కాసేపయ్యాక నేనూ వెనకే వచ్చాను. ఇంటి తలుపు వేసే ఉంది. ఆయన డ్రైవ్‌వేలో బండి పక్కన కూర్చుని, హీటర్ మూత తీసి, కింద ఉన్న ప్లగ్గును రెంచితో తిప్పుతున్నాడు. చెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"కొంచెం ఈ పక్క పట్టుకో తల్లీ. ఇది కదల్లేదు" అన్నాడు.

ఎందుకు కదలదో నాకు అప్పుడు అర్థమైంది. ఆ ప్లగ్గు చుట్టూ తెల్లగా సున్నం గడ్డకట్టి ఉంది. ఎన్నడూ విప్పిన ప్లగ్గు కాదు.

"ఎప్పుడూ తీయలేదా అంకుల్?"

"మంచి నీళ్లు కదమ్మా. ట్యాంకు నిండా. కాలవలో పోసేకి చేయి రాలేదు. తక్కువైనప్పుడల్లా పైన ఇంత పోసి నింపుకుంటా వచ్చినా."

ట్యాంకు ఆఖరుసారి నిండా పట్టింది క్రిస్మస్ ముందు. ఇక్కడ నడివేసవి అయిన జనవరి, ఫిబ్రవరి ఎండలన్నీ ఆ బండి ఈ సిమెంటు మీదే కాగింది. లోపలి నీళ్లు నెలల పాటు గోరువెచ్చగా కూర్చున్నాయి. నేను ఆయన చేతిలో రెంచి లాక్కున్నాను. మామూలుగా అయితే అరిచేదాన్ని. ఆ రోజు మెల్లగానే అడిగాను.

"డాక్టర్ అడిగింది ఇదే కదా. మీరు తల ఊపారు."

"ఊపినా."

"ఇప్పుడివి పారబోస్తే ఇంకెవరికీ తెలియదనా?"

ఆయన నా వైపు చూడలేదు. "ఎవరికీ తెలియకపోతే, ఇది కాకుండా పోతుందేమో అనుకుంటినమ్మా" అన్నాడు.

అరవై ఆరేళ్ల మనిషి, లోకం చూసినవాడు, లెక్క తప్పకుండా నక్షాలు గీసినవాడు అన్న మాట అది. నాకు ఆయన్ని చెంప మీద కొట్టాలనీ అనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. కారెక్కమన్నాను. తన్మయికి నువ్వు చెప్తావా అని దారిలో ఒక్కసారి అడిగాడు. చెప్పను, మీరే చెప్పాలని తేల్చేశాను. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ తలుపు తీసుకుని దిగిపోతాడేమోనని నా కన్ను ఆయన మీదే ఉంది.

దిగలేదు. ఐసీయూ బయట తన్మయి ముందే డాక్టరమ్మను పిలిచి, ఆఫీసులో పని వివరించే ఇంగ్లీషులో అంతా చెప్పాడు. ట్యాంకు ఎంత పెద్దది, నీళ్లు ఎప్పటివి, హీటర్ ఎంతసేపు వేసేవాడు. గ్యాస్ దండగని పూర్తిగా కాగనివ్వకుండా గోరువెచ్చన కాగానే ఆపేసేవాడినని కూడా దాచలేదు. చివరికి, పొద్దున తల ఊపింది అబద్ధమని చెప్పాడు. డాక్టరమ్మ థాంక్యూ అని గబగబా లోపలికి వెళ్లిపోయింది. పరీక్ష ఫలితం వచ్చే లోపే మందు మార్చేశారు.

తన్మయి గోడకు ఆనుకుని నిలబడింది. "యూ టోల్డ్ మీ. ఎవ్రీ టైమ్, యూ టోల్డ్ మీ" అంది. ఆ తర్వాత తండ్రితో మాట్లాడడం మానేసింది.

పరీక్షలో అదే తేలింది. నిలవ నీళ్లలో, గోరువెచ్చని చోట పెరిగే క్రిమి. తాగితే కాదు, షవర్ తుంపరతో పాటు పీలిస్తే ఊపిరితిత్తుల్లో చేరుతుందట. ఆరోగ్య శాఖ నుంచి ఇద్దరు వచ్చి హీటర్ నుంచి, ట్యాంకు నుంచి సీసాల్లో నీళ్లు పట్టుకున్నారు. నూనె పోసి నానబెట్టి, బలం కొద్దీ తిప్పితే ఆ ప్లగ్గు వదిలింది. మిగతా నీళ్లన్నీ బయటికి వదిలేయమన్నారు.

ఆ పని అంకులే చేశాడు. నేను మా వాకిట్లో నిలబడి చూశాను. గ్యాస్ కట్టేసి, కుళాయిలన్నీ తెరిచి, షవర్ గొట్టం కిందికి దించాడు. హీటర్ లోంచి మొదట తుప్పు రంగు నీళ్లు, వాటి వెనక జిగటగా ఏదో ముద్దలు ముద్దలుగా వచ్చింది. ట్యాంకు నీళ్లు డ్రైవ్‌వే మీదుగా వీధి కాలవలోకి పారాయి. ఆయన ఒక్క బకెట్ కూడా అడ్డం పెట్టలేదు. ఆ పారే నీళ్లలోనే పాదాలు తడుస్తూ, పంపు గాలి కక్కి ఖాళీ శబ్దం చేసే దాకా నిలబడ్డాడు. నేను కాలవ ఊరి దాన్ని, అన్ని నీళ్లు పోతుంటే చూసి ఏడ్చింది అదే మొదటిసారి.

వచ్చినవాళ్లలో ఒకామె, మీరూ అదే షవర్ వాడారా, మీకు జ్వరం రాలేదా అని ఆయన్ని అడిగింది. వాడలేదన్నాడు. ఎందుకని ఆమె మళ్లీ అడిగితే నా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"ఆమె పండుకున్నాక తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటా ఉంటి. ఆమెకు మోకాళ్ల నొప్పులమ్మా. వేణ్ణీళ్లు పడితేనే నిద్ర. నేను కూడా స్నానం చేస్తే ఆమెకు తక్కువ పడతాయని."

అది నేను ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. ఆయన మీద పెట్టుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. పోయి ఏం లాభం, ఆ చోట మిగిలింది అంతకంటే బరువైంది. దాచిపెట్టిన నీళ్లన్నీ ఆమె కోసమే దాచాడు. అవే ఆమె గొంతులో గొట్టం వేయించాయి. కోపమైతే ఎవరి మీదైనా చూపించవచ్చు, దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో సరిగా గుర్తులేదు. ఐసీయూ బయట వరసగా కుర్చీలు. ఒక చివర తన్మయి, ఇంకో చివర ఆయన, మధ్యలో అన్నం డబ్బాతో నేను. తన్మయి ఏదైనా చెప్పాలంటే నాకు చెప్పేది, ఆయన పక్కనే ఉండి వినేవాడు. నేను ఇచ్చిన అన్నం రెండు ముద్దలు తినేవాడు. మంచినీళ్ల సీసా మాత్రం మూత కూడా తీసేవాడు కాదు. డాక్టర్లు రోజుకో కొత్త మాట చెప్పేవారు. ఆక్సిజన్ పెంచామన్నారు. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయన్నారు. తగిన మందే పడుతోంది, అయినా ఆమె ఒళ్లు దాన్ని అందుకునే స్థితిలో ఉందో లేదో రెండు రోజుల్లో తేలుతుందన్నారు. దగ్గరి వాళ్లెవరైనా ఉంటే పిలిపించుకోమని మెల్లగా చెప్పారు.

ఆ మాట విన్నాక ఆయన లేచి డాక్టరమ్మ వెనకే నాలుగడుగులు వేశాడు. తాను తల ఊపకుండా నిజం చెప్పి ఉంటే, ఆ మందు పొద్దున్నే పడి ఉంటే, ఆమెకు ఇంత దూరం వచ్చేది కాదా అని అడిగాడు. అలా చెప్పలేమని డాక్టరమ్మ అంది. కాదని మాత్రం అనలేదు. ఆయన ఆ తేడా పట్టుకున్నాడు. తిరిగొచ్చి కూర్చుని, పట్టుకున్నట్టు నాకు చెప్పాడు కూడా. "ఆమె పోతే, క్రిమి చంపినట్టు కాదమ్మా. నేను ఊపిన తల చంపినట్టు."

ఊరుకోండి అంకుల్ అన్నాను. అబద్ధం చెప్పి ఓదార్చే శక్తి నాకు లేదు. ఇంటికొచ్చి దేవుడి ముందు కూర్చుంటే ప్రార్థన కూడా రాలేదు. ఆంటీ పోతే ఈ మనిషి మిగలడన్న ఒక్క భయమే తిరిగి తిరిగి వచ్చింది. పక్కింట్లో దీపం లేదు. తన్మయి హాస్పిటల్ దగ్గర్లో హోటల్ గది తీసుకుంది, ఆయన హాస్పిటల్ కుర్చీలోనే ఉంటున్నాడు.

రెండు రోజులు నాలుగయ్యాయి. నాలుగో రోజున జ్వరం దిగిందన్నారు. మూత్రం వచ్చిందంటే మేమంతా పండగ చేసుకున్నంత పని చేశాం. ఇంకో వారానికి గొట్టం తీశారు. ప్రాణానికి గండం గడిచింది, ఊపిరితిత్తులు మాత్రం మునుపటిలా ఉండవు, ఇంట్లో కూడా ఆక్సిజన్ పెట్టుకోవాల్సి రావచ్చు అన్నారు.

అమ్మకు ఇప్పుడే ఏమీ చెప్పవద్దని తన్మయి నాతో అంది. నిజానికి ఆయన చెవిన పడాలనే అంది. ఆయన ఒప్పుకోలేదు. ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలంటే అది చెప్పాకే పట్టుకోగలనన్నాడు. ఒక మధ్యాహ్నం ఆంటీ దిండుకు ఆనుకుని కాస్త తెలివిగా ఉన్నప్పుడు, తన్మయి, నేను కిటికీ దగ్గర ఉండగానే, మంచం పక్కన నిలబడి చెప్పాడు. నీళ్లు మార్చలేదని, మార్చినట్టు అందరికీ చెప్పానని, డాక్టర్ అడిగినప్పుడు కూడా ఒప్పుకోలేదని. తనవల్లే ఇదంతా అని. ఎక్కడా తడుముకోలేదు. ఎన్నిసార్లు లోపల చెప్పుకుని ఉంటాడో.

ఆంటీ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆమె కళ్లలో ఏదో కంగారు మొదలైంది. పక్కన మిషన్‌లో గుండె లెక్క పెరిగింది. నర్సును పిలుద్దామని తన్మయి కదిలింది. ఆంటీ మాట కోసం గాలి కూడదీసుకుంటోంది. గొట్టం తీసిన గొంతు, బొంగురుగా, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ వచ్చింది.

"మీరు... స్నానం చేసినారా... ఆ నీళ్లతో?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"లేదు మంగళా."

ఆమె భుజాలు వదులయ్యాయి. మిషన్‌లో అంకెలు మెల్లగా కిందికి వచ్చాయి. "మేలు" అంది. "మీకు ముందే దగ్గు." అని కళ్లు మూసుకుంది.

అంతవరకు ఒక్క చుక్క రాల్చని మనిషి అప్పుడు మంచం అంచు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. "నన్ను తిట్టు మంగళా. ఒక్క మాటైనా తిట్టు" అని అడుగుతూనే ఉన్నాడు. ఆమె అప్పటికే నిద్రపోయింది.